కోట మార్చిచ్చిన గుండు

మీ ఇంట్లో ఉన్నవన్నీ మీవేనా?

తొందరపడి అవుననకండి. కొన్నవి మీవే, పెద్దలు ఇచ్చినవి మీవే. మరి దొరికినవి? ఎప్పుడో ఏదో శిథిలం చూడబోయి, కాలికి తగిలిందని తెచ్చి అల్మరాలో అలంకారంగా పెట్టుకున్న నగిషీ పెంకు ఎవరిది? “దిక్కులేక పడి ఉంది, తెచ్చుకున్నాం, ఎవరడిగారు?” అంటారు. అడిగేవాడు లేనంత మాత్రాన హక్కు పుట్టదు. ఇంత చిన్న సంగతి తలకెక్కడానికి ఒక తాపీ మేస్త్రీకి పంతొమ్మిదేళ్లు పట్టింది. అందులో చివరి ఐదు రోజులు అతనికి తిన్నది ఒంటబట్టలేదు.

ఊరంతా అతన్ని నిలువు మేస్త్రీ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితాల మీద తప్ప మరెక్కడా కనిపించదు. ఊరి వెనక గుట్ట మీద ఒక పాత కోట ఉంది. కప్పులు ఎప్పుడో కూలిపోయాయి. మిగిలిన గోడలు వానాకాలానికొకటి చొప్పున ఒరుగుతుంటాయి. ఒరిగిన గోడలో ప్రతి రాయికీ సుద్దతో అంకె వేసి, పై వరుస నుంచి విప్పుకుంటూ వచ్చి, కొత్తగా సున్నం కలిపి, ఏ రాయి ఎక్కడుండేదో అక్కడే పెట్టి మళ్లీ కట్టడం అతని పని. కోటను చూసుకునే ప్రభుత్వ శాఖలో ఇరవై నాలుగేళ్లుగా అదే చేస్తున్నాడు. మరో మూడేళ్లు గడిస్తే పింఛను. అతని భార్య ఆ మూడేళ్లను వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటోంది.

ఏ గోడ గురించీ గుండు వేయకుండా అతను మాట చెప్పడు. గుండంటే దారానికి వేలాడే బరువు. గోడ పక్కన వదిలితే అది ఊగి ఊగి ఆగి నేలను సూటిగా చూపిస్తుంది. దారానికీ గోడకూ మధ్య ఎడం పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంటే గోడ నిలువు, లేకపోతే ఒరిగినట్టు. “కన్నుకు మొహమాటం ఉంటుంది, గుండుకు ఉండదు” అనేది అతని వాడుక మాట. ఇంజనీరు వచ్చి “బాగానే ఉంది కదా మేస్త్రీ” అంటూ గడియారం చూసుకుంటున్నా, గుండు ఆగేదాకా నోరు విప్పేవాడు కాదు. పేరు ఆ మొండితనానికి వచ్చింది.

ఆ పనివాళ్లలో ఒక అలవాటు ఉండేది. తాపీ అడిగితే ఇస్తారు, సున్నం మోసే గమేళా అడిగితే ఇస్తారు, గుండు మాత్రం ఎవరూ ఎవరికీ అరువివ్వరు. పరాయి చేతిలో కిందపడి అంచు విరిగితే అది ఆ తర్వాత అబద్ధం చెబుతుందని భయం. గుండు చేతులు మారాలంటే ఒకే ఒక్క దారి ఉంది, మార్పిడి. నాది నువ్వు పుచ్చుకో, నీది నాకివ్వు. ఎవరి నమ్మకం విలువ వాళ్లకు తెలుస్తుంది కాబట్టి ఆ లావాదేవీలో మోసం ఉండదు.

అతని కథంతా ఆ అలవాటు నుంచే పుట్టింది.

పంతొమ్మిదేళ్ల కిందట కోట తూర్పు గోడ కూలింది. వానలు ముదరకముందే లేపాలని పైనుంచి ఒత్తిడి. మోకాలి లోతు బురదలో దిగి పునాది సరిచూస్తుండగా దారం తెగింది. తండ్రి చేతి ఇనుప గుండు, మెడ మీద ఆకురాయితో గీసిన గుర్తు ఉన్నది, రాళ్ల సందులోకి జారిపోయింది. బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చి వెతికాడు. చేతికి తగిలింది ఇనుము కాదు, రాయి. బయటికి తీసి చొక్కాకు తుడిచి చూస్తే నల్లగా, నున్నగా, బొంగరమంత ఉంది. మెడ దగ్గర దారం దూరేంత రంధ్రం. అడుగున పక్కపక్కనే మూడు గీతలు. దారం కట్టి వదిలాడు. ఊగింది, ఆగింది. చూపించిన నిలువులో వెంట్రుక వాసి తేడా లేదు.

“ఎవడో పాతకాలపు మేస్త్రీ నా గుండు పుచ్చుకుని తన గుండు ఇచ్చాడు” అని నవ్వుకున్నాడు. పనివాళ్ల న్యాయం ప్రకారం లెక్క సరిపోయింది. ఆ సాయంత్రం గుమాస్తా ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు: తూర్పు గోడ పునాది తవ్వకంలో పాత వస్తువులు, పాత కట్టడాలు ఏవీ కనిపించలేదు. కింద మేస్త్రీ సంతకం పెట్టాల్సిన చోటు. అతను సంతకం పెట్టాడు. దొరకడం వేరు, మార్పిడి వేరు అనుకున్నాడు. తన మనసును అంత తేలిగ్గా ఒప్పించగలిగినందుకు అతనికి అప్పుడు ఆశ్చర్యం కూడా కలగలేదు.

ఆ గుండుతోనే ఆ గోడ లేచింది. ఇప్పటికీ కోట చూడవచ్చినవాళ్లను ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్తారు. ఆ గుండుతోనే అతను కూతురికి పని నేర్పాడు. నాలుగేళ్ల వయసులో అది ఊగుతుంటే చప్పట్లు కొట్టిన పిల్ల, ఇరవై మూడేళ్లకు తానూ మేస్త్రీ అయింది. వచ్చే సోమవారం ఒక బడికి ప్రహరీ గోడ మొదలుపెడుతోంది. తన బాధ్యత మీద కడుతున్న మొదటి గోడ. ఆ రోజు గుండు ఆమెకిస్తానని అతను మాటిచ్చాడు.

సరిగ్గా దానికి ముందు సోమవారం, పనిముట్ల గది తలుపు మీద ఒక నోటీసు అంటించారు.

అంతకు వారం ముందే కోట కాపలాదారు భోజనం క్యారేజీలో, అడుగు గిన్నెలో, పాత పూసలు దొరికాయి. అతన్ని పనిలోంచి నిలిపేశారు. శాఖకు కొత్తగా వచ్చిన అధికారిణి పనివాళ్లందరినీ పిలిచి నోటీసును తానే చదివి వినిపించింది. చరిత్ర స్థలంగా ప్రకటించిన చోట నేల మీద దొరికినా, నేల లోపల దొరికినా, గోడలో దొరికినా, పాత వస్తువు ప్రభుత్వానిదే. తెలిసి దగ్గర పెట్టుకోవడం నేరం. దొరికినట్టు చెప్పకపోవడం ఇంకో నేరం. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా తెచ్చి ఇచ్చి, ఎక్కడ దొరికిందో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. సిగ్గుపడేవాళ్ల కోసం ఆఫీసు గుమ్మం దగ్గర తాళం వేసిన పెట్టె ఒకటి ఉంటుంది. గడువు దాటాక సంచులూ ఇళ్లూ సోదా చేస్తారు.

“ఇంకోటి” అంటూ ఆమె రెండు ఫొటోలు పైకెత్తింది. “పడమటి వైపు గాదెల్లో ఈ రెండూ దొరికాయి. ధాన్యం తూచిన రాళ్లు. తక్కెడకి దారంతో వేలాడదీసేవాళ్లు. ఒకదాని మీద ఒక గీత, రెండో దాని మీద రెండు. మూడోది ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరైనా చూశారా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సామెత ఆ క్షణాన మేస్త్రీ పట్ల అక్షరాలా నిజమైంది. అతని చెయ్యి తనంతట తానే భుజాన వేలాడుతున్న సంచి మీదికి పోయింది. నల్లని రాయి, మెడలో రంధ్రం. తూకం రాయా? అయితే మార్పిడి ఎవరితో జరిగినట్టు? పంతొమ్మిదేళ్లుగా అతను మనసులో పలకరిస్తూ వచ్చిన ఆ పాతకాలపు మేస్త్రీ, ఒక్క మాటతో లేకుండా పోయాడు.

“మేస్త్రీ గారూ, మీరిలా రండి” అంది అధికారిణి.

ఆమె అతన్ని తూర్పు గోడ అవతలికి తీసుకెళ్లింది. నేల మీద నాలుగు మేకులు పాతి ఉన్నాయి.

“సందర్శకులకి నీళ్ల ట్యాంకు కడుతున్నాం. శనివారం పొద్దున్నే తవ్వే మెషిన్ వస్తుంది. మామూలుగా అయితే ఇలాంటి చోట నేను తవ్వనివ్వను. కానీ పాత ఫైలు తీసి చూశాను. ఈ పక్కన నేలలో ఏమీ లేదని మీ సంతకం ఉంది. మిగతా వాళ్ల సంతకాలైతే నమ్మేదాన్ని కాదు. మీ సంగతి విన్నాక ధైర్యం చేశాను.”

అతను తల ఊపాడు. ఊపాక, ఎందుకు ఊపానా అనుకున్నాడు.

“తవ్వేటప్పుడు ఈ గోడ అదురుతుందేమో. ఇప్పుడు నిలువుగా ఉందో లేదో ఒకసారి గుండు వేసి చెప్పండి.”

సంచి లోపల రాయి వేడెక్కినట్టనిపించింది. “గుండు… ఇంట్లో మర్చిపోయాను మేడం.”

వెనకనుంచి సున్నం కలిపే మనిషి పకపకా నవ్వాడు. “నిలువు మేస్త్రీ గుండు మర్చిపోయాడా! పెళ్లికొడుకు పెళ్లి సంగతి మర్చిపోయినట్టుంది మేడం. ఇవాళ వాన ఖాయం.”

అందరూ నవ్వారు. మేస్త్రీ ఒక కన్ను మూసి, గోడ అంచు వెంట చూపు పరిగెత్తించి, “నిలువుగానే ఉంది” అన్నాడు.

గుండు వేయకుండా గోడ గురించి అతను చెప్పిన మొదటి మాట అది. అది నిజమో కాదో అతనికే తెలియదు.

బుధవారం అతను సగం రోజు సెలవు పెట్టి, దస్తావేజులు రాసే లేఖరి దగ్గరికి వెళ్లాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల కింద, ఒక బల్ల, రెండు కుర్చీలు, ముద్ర ఒకటి. లేఖరి సామ్రాజ్యం అంతే. కానీ ఊళ్లో సగం ఆస్తుల గుట్టు ఆయన పొట్టలోనే ఉంటుంది. ఆయన ఇంటి వెనక గోడ కట్టింది మేస్త్రీయే.

“ఒక దానపత్రం రాయాలి లేఖరి గారూ. మా అమ్మాయి పేరున.”

“ఇల్లా, స్థలమా?”

“గుండు.”

లేఖరి కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. “నలభై ఏళ్లుగా రాస్తున్నానయ్యా. మామిడిచెట్టు రాశాను, దూడ రాశాను, ఉమ్మడి గోడలో సగం మందం రాశాను. గుండు రాయమన్నవాడివి నువ్వొక్కడివే. ఏది, చూపించు.”

మేస్త్రీ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అంతా చెప్పాడు. దారం తెగడం, చెయ్యి దూర్చడం, మార్పిడి, నోటీసు. కాగితం ఒకటి రాసి ముద్ర కొట్టేస్తే వస్తువు చట్టప్రకారం కూతురిదవుతుందని, శుక్రవారం తర్వాత ఎవరు సంచి వెతికినా పత్రం చూపించొచ్చని అతని ఆలోచన. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది. మనిషి ముద్ర కొట్టించుకుని తాగాలనుకుంటాడు.

లేఖరి గుండును ముట్టుకోలేదు. చేతులు రెండూ బల్ల కిందికి తీసేసుకున్నాడు.

“దానపత్రంలో మొదటి వాక్యం ఏంటో తెలుసా మేస్త్రీ? ‘ఈ ఆస్తి నాది’ అని ఉంటుంది. ‘నాకెలా వచ్చింది’ అని రెండో వాక్యం. ఆ రెండూ రాస్తేనే మూడోది. నీకెలా వచ్చిందని రాయను? కోట ఇచ్చిందని రాయనా? కోట సంతకం పెడుతుందా, వేలిముద్ర వేస్తుందా?”

“నా గుండు అక్కడ వదిలాను కదండీ. ఊరికే తీసుకోలేదు.”

“బ్యాంకులో గొడుగు మర్చిపోయి, పెట్టెలో నగ పట్టుకొచ్చి, మార్చుకున్నానంటే ఒప్పుకుంటారా?” లేఖరి గొంతు తగ్గించాడు. “నీ పేరున లేనిది నువ్వు ఇంకొకరికి రాసివ్వలేవయ్యా. నీకు లేని హక్కు నీ కూతురికి ఎక్కణ్ణుంచి వస్తుంది? నీ చేతిలో ఉంటే నీ ఒక్కడి తప్పు. ఆ పిల్ల చేతిలో పెట్టావో, ఆ పిల్లదీ అవుతుంది.”

మేస్త్రీ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. “అయితే రేపే ఇచ్చేస్తాను. కేసు ఉండదన్నారుగా.”

“ఆగు. నోటీసు పూర్తిగా విన్నావా? మాఫీ వస్తువుకి. వస్తువు ఇచ్చి చోటు చెబితే, దగ్గర పెట్టుకున్నందుకు శిక్ష ఉండదు. కానీ చోటు తూర్పు గోడ అంటావు. అక్కడ ఏమీ లేదని సర్కారు కాగితం మీద నీ సంతకం ఉంది. ఆ సంతకానికి మాఫీ ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. ఉద్యోగం పోవచ్చు, పింఛను పోవచ్చు. పోతుందని అనను. పోదని మాత్రం రాసివ్వను.”

“చోటు చెప్పకుండా వస్తువొక్కటీ ఇస్తే?”

“సగం చట్టం పాటించినట్టు” అన్నాడు లేఖరి. “సగం గోడ కట్టి ఇంట్లో పడుకున్నట్టు.”

గురువారం మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. భార్య కిటికీ దగ్గర కుట్టుమిషను తొక్కుతోంది. కూతురు పని దగ్గర్నుంచి భోజనానికి వచ్చి, చేతులు కడుక్కుంటూ తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. అతను ఇక దాచలేదు. గుండును, దాని గుడ్డ సంచితో సహా, నేల మీద పెట్టి మొత్తం చెప్పాడు. ఆ గుడ్డ సంచి కుట్టింది భార్యే.

కుట్టుమిషను ఆగింది.

“కాలవలో పడేయండి” అంది భార్య. “ఇప్పుడే వెళ్లి. రాయి నీళ్లలో పడితే రాయే.”

“అది నాకిస్తానన్నావు” అంది కూతురు.

“నీకు గుండు కావాలి, మీ నాన్నకి నిజం కావాలి. నాకు మాత్రం నెల నెలా ఇంట్లోకి ఇంత గింజ రావాలి” అంది భార్య. “ఇరవై నాలుగేళ్లు ఆ సున్నానికి చేతులు పొక్కిపోయినయ్యి ఈయనకి. రాత్రిళ్లు కొబ్బరినూనె రాసింది నేను. ఒడ్డు కనిపిస్తుండగా పడవకి చిల్లు పెట్టుకుంటామా? ఏమండీ, ఎవరు చూశారండీ?”

“ఎవరూ చూడలేదు.”

“మరి?”

కూతురు అతని ఎదురుగా కూర్చుంది. ఆమె అడిగిన ప్రశ్న కూతురు అడిగేది కాదు, మేస్త్రీ అడిగేది.

“నాన్నా, నీ చెయ్యి భుజం దాకా పట్టిందన్నావు. కూలిన గోడ కింద పడ్డ రాళ్లయితే అంత సందు ఉండదు, మట్టి నిండిపోతుంది. లోపల చేతికి ఏం తగిలింది?”

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎవరో అడుగుతారని పంతొమ్మిదేళ్లుగా అతనికి తెలుసు. సొంత బిడ్డ అడుగుతుందని మాత్రం తెలియదు.

“చెక్కిన రాళ్లు” అన్నాడు. “నున్నటి ముఖాలు. ఒకదాని మీద ఒకటి, అతుకు మీద అతుకు రాకుండా పేర్చినవి. గోడ కింద నుంచి బయటికి పోతోంది ఆ వరుస.”

“ఎటు?”

“ఇప్పుడు మేకులు కొట్టిన వైపు.”

“తెలిసే సున్నం పోసి మూసేశావా?”

“వానలు వచ్చేస్తున్నాయే. చెప్తే పని ఆపేసేవాళ్లు. ఆర్నెల్లు. నువ్వు చిన్నదానివి, నాకప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు.” అతను ఆగి, “అవన్నీ నిజాలే. కానీ గోడ లేపాలన్న యావ వాటన్నిటికన్నా ముందుంది నాలో” అన్నాడు.

కూతురు గుండును చేతిలోకి తీసుకుంది. దారం వదిలి, ఊగనిచ్చి, ఆగేదాకా చూసింది. తర్వాత దాన్ని దాని గుడ్డ సంచిలో పెట్టి తండ్రి వైపు తోసింది.

“నాకొద్దు. బజార్లో ఇత్తడిది కొనుక్కుంటాను.”

అంత మామూలుగా అంది. చెంపదెబ్బ కొట్టినా అతనికి అంత తగిలేది కాదు.

శుక్రవారం పొద్దున కోటకు వెళ్లి సంచి విప్పితే గుండు లేదు. తాపీ ఉంది, రసమట్టం ఉంది, దారపు ఉండ ఉంది. ఎందుకో అతను వెతకలేదు కూడా. భార్య తెల్లవారగానే బయటికెళ్లి రావడం, వచ్చాక కళ్లు కలపకుండా క్యారేజీ చేతికివ్వడం గుర్తొచ్చాయి. కాలవా, పెట్టెనా అన్నదొక్కటే తెలియలేదు.

మూడింటికి తెలిసింది. అధికారిణి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో తెల్ల గుడ్డ, గుడ్డలో నల్ల రాయి.

“మూడోది దొరికింది! పెట్టెలో వేశారు. పేరు లేదు, ఏమీ లేదు.” పనివాళ్లంతా చుట్టూ మూగారు. ఆమె దాన్ని తిప్పి మూడు గీతలూ చూపించింది. ఆమె ముఖంలో సంతోషం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది. “కానీ ఎక్కడ దొరికిందో రాయలేదు. మిగతా రెండింటితో పాటు గాదెల్లోనే దొరికి ఉంటే కొత్త సంగతేం లేదు. ఇంకెక్కడైనా అయితే, అక్కడ ఇంకో గాదె ఉన్నట్టు. చోటు తెలియకపోతే ఇది గాజు పెట్టెలో పెట్టుకునే రాయి, అంతే.”

“ఎవడో పుణ్యాత్ముడు” అన్నాడు సున్నం కలిపే మనిషి. “కనీసం కడిగి వేశాడు చూడండి మేడం, ఎంత నున్నగా ఉందో.”

“కడిగింది కాదు. ఎవరో చాలా ఏళ్లు వాడారు. మెడ దగ్గర దారం ఒరిపిడి చూడండి, కొత్తది. దేనికి వాడారో మరి.”

ఎవరి చూపూ మేస్త్రీ వైపు తిరగలేదు. నిలువు మేస్త్రీ మీద అనుమానం రావడమనేది ఆ కోటలో ఎవరికీ చేతకాని పని. అతని గుండును ఇన్నేళ్లలో ఎవరూ చేత్తో తాకి ఎరుగరు. ఎప్పుడూ దారం చివర, సున్నం దుమ్ము పట్టి, దూరాన ఊగుతూ కనిపించేదే.

అందరూ పనుల్లోకి వెళ్లారు. మేస్త్రీ తూర్పు గోడ నీడలో నిలబడ్డాడు. ఇక అతన్ని పట్టుకునేవాళ్లు లేరు. వస్తువు చేరాల్సిన చోటుకు చేరింది. సోదా చేస్తే సంచిలో తాపీ దొరుకుతుంది. భార్య ఎంత చక్కగా ఆలోచించిందో అనుకున్నాడు; కాలవలో వేయలేదు, అంటే ఆమెకూ మనసొప్పలేదు. పేరూ రాయలేదు, మొగుణ్ణి వదులుకోలేదు. సగం చట్టం, సగం ఇల్లు. సరిపెట్టుకోవచ్చు.

గోడ అవతల ఇద్దరు మనుషులు మేకు నుంచి మేకుకు ముగ్గుపిండి లాంటి తెల్లపొడితో గీత పోస్తున్నారు. రేపు మెషిన్ పళ్లు దిగాల్సిన హద్దు అది. గీత గోడకు సమాంతరంగా వెళ్లి, అక్కడే మలుపు తిరిగింది. సరిగ్గా ఎక్కడైతే నేల కింద నున్నటి రాళ్ల వరుస బయటికి పోతుందో అక్కడ. అతని భుజానికి పంతొమ్మిదేళ్ల నాటి ఆ చల్లదనం మళ్లీ తగిలింది. వేళ్లకు ఆ అతుకులు తగిలాయి. ఎవరో తనలాంటివాడే, అతుకు మీద అతుకు రాకూడదని రాయిని రెండుసార్లు తిప్పి చూసుకుని పెట్టినవాడు. గుండు అతనిది కాకపోవచ్చు. ఆ వరుస మాత్రం ఒక మేస్త్రీదే. ఆ వరుసను రేపు ఇనుప పళ్లకు అప్పగిస్తున్నది తన సంతకం.

అలవాటు కొద్దీ గోడను చూశాడు. నిలువుగానే ఉన్నట్టుంది. ఉన్నట్టుంది. సంచిలోకి చెయ్యి పెట్టాడు గుండు కోసం. లేదు.

ఆఫీసు గదిలో గడియారం ఐదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అధికారిణి పెట్టెకు సీలు వేయిస్తోంది. అతను గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

“మేడం, ఆ రాయి నా దగ్గర ఉండింది. పంతొమ్మిదేళ్లు.”

ఆమె తలెత్తింది. నవ్వబోయి ఆగింది.

“గుండనుకుని వాడుకున్నాను. తూర్పు గోడ పునాదిలో దొరికింది. గోడకి ఆఫీసు వైపు చివర నుంచి ఏడో రాయి కింద. నేను చెప్పేది అబద్ధమనుకుంటే, అక్కడే ఒక ఇనుప గుండు ఉంటుంది, మెడ మీద ఆకురాయి గీటుతో. అది మా నాన్నది.”

“మేస్త్రీ గారూ… ఆ కాగితం…”

“ఆ కాగితం తప్పు. తెలిసే సంతకం పెట్టాను. కింద చెక్కిన రాళ్ల వరుస ఉంది, ట్యాంకు వైపు పోతోంది. మీరు రేపు తవ్వేది దాన్నే.”

అధికారిణి కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె కళ్లలో కోపం ఉంది. దాని వెనక ఇంకేదో ఉంది, అది కోపం కన్నా భరించడం కష్టంగా ఉంది.

“రాయి సంగతి మాఫీలోకి వస్తుంది. గడువులోపే వచ్చారు” అంది చివరికి. “సంతకం సంగతి నా చేతుల్లో లేదు. పైకి రాయాలి. విచారణ ఉంటుంది. ఏమవుతుందో నేను చెప్పలేను.”

“తెలుసండీ. లేఖరి గారు చెప్పారు.”

“చెప్పాక కూడా వచ్చారా?”

“ఇంకోటి కూడా రాసుకోండి మేడం. సోమవారం గోడ నిలువుగా ఉందన్నాను. చూడకుండా చెప్పాను.”

ఆమె కలం తీసింది. అతను చెబుతుంటే వరుసగా రాసింది, చదివి వినిపించింది. ఈసారి అతను సంతకం పెట్టే ముందు కాగితాన్ని దగ్గరికి తీసుకుని, ప్రతి వాక్యం కింద వేలు పెట్టి తానే చదువుకున్నాడు. తర్వాత పెట్టాడు. ఆమె ఫోన్ తీసి, రేపు మెషిన్ రావద్దని చెప్పింది.

“కింద ఏముందో చూడాలంటే గోడ విప్పాలి” అంది ఫోన్ పెట్టేసి, కొంచెం జాలిగా. “మీరు కట్టినవాటిలో ఇదే మేలైనదంటారు. వేరే మేస్త్రీని పిలిపిస్తాను.”

“వద్దండీ. వేరేవాళ్లకి ఈ గోడ ఎక్కడ గట్టిగా పట్టుకుందో తెలీదు, రాళ్లు పగలగొడతారు. విచారణలో నన్ను తీసేసేదాకా నేను మీ మేస్త్రీనే కదా?”

ఆమె అవునంది.

అతను బయటికి వచ్చాడు. పోతున్న పనివాళ్లు ఒక్కొక్కరే ఆగి చూస్తున్నారు. సున్నం కలిపే మనిషికి ఈసారి ఏ హాస్యమూ అందలేదు. మేస్త్రీ తూర్పు గోడకు నిచ్చెన వేసి, పై వరుసదాకా ఎక్కి, జేబులోంచి సుద్దముక్క తీసి, మొదటి రాయి మీద ‘ఒకటి’ అని అంకె వేశాడు.